కార్న్‌వాల్ పేరులో పరాయివాడెవరు?

ఇంగ్లండ్ పటంలో నైరుతి మూలన అట్లాంటిక్ సముద్రంలోకి సన్నగా పొడుచుకుపోయిన నేల ఒకటి కనిపిస్తుంది. అదే కార్న్‌వాల్ కౌంటీ. మూడు దిక్కులా ఉప్పునీళ్లు, నాలుగో దిక్కున టేమర్ నది. ఆ పేరు మొదటిసారి చదివిన తెలుగువాళ్లకి మొక్కజొన్న, గోడ గుర్తుకు రావడం సహజమే. కార్న్, వాల్ రెండూ బడిలో నేర్చుకున్న మాటలే గదా. కానీ ఆ రెండింటికీ ఈ పేరుతో ఏ చుట్టరికమూ లేదు. మొక్కజొన్న అమెరికా నుంచి యూరప్‌కి చేరడానికి దాదాపు ఆరు వందల ఏళ్ల ముందే ఈ పేరు రాతకెక్కింది. గోడ అయితే ఎక్కడా లేదు.

ఈ పేరు రెండు భాషల ముక్కలు అతికి పుట్టింది. మొదటి ముక్క అక్కడి జనం తమ నేలకి తాము పెట్టుకున్నది. రెండో ముక్క తూర్పు నుంచి వచ్చిన ఆంగ్లో-సాక్సన్లు, అంటే ఇప్పటి ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు, ఆ జనానికి తగిలించినది. రెండూ కలిపి చదివితే వచ్చే అర్థం "కొమ్ము నేల పరాయివాళ్లు". వందల ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్లని, తర్వాత వచ్చినవాళ్లు పరాయివాళ్లన్నారు. ఆ పిలుపే చివరికి కౌంటీ పేరయింది. ఇంగ్లండులో ఇంకే కౌంటీ పేరూ ఇంత సూటిగా, ఎవరు ఎటువైపు నిలబడి ఎవరిని పిలిచారో చెప్పదు.

ఈ పేరు ఇంగ్లీషులో తొలిసారి కనిపించే సందర్భం కూడా ముచ్చటైనదే. ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ అనే వార్షిక వృత్తాంతంలో 891వ సంవత్సరం కింద ముగ్గురు ఐర్లండ్ వాళ్ల సంగతి ఉంది. దేవుడి కోసం పరదేశంలో బతకాలనుకుని వాళ్లు తెడ్లు లేని పడవలో బయల్దేరారు. పడవ తోళ్లతో చేసింది, రెండున్నర తోళ్లు పట్టాయని కూడా రాశారు. వెంట ఏడు రోజుల తిండి పెట్టుకున్నారు. సముద్రం ఎటు తీసుకుపోతే అటు పోయి, ఏడో రాత్రికి ఒడ్డుకు చేరారు. అక్కణ్నుంచి ఆల్ఫ్రెడ్ రాజు దగ్గరికి వెళ్లారు. వాళ్లు దిగిన చోటుని వృత్తాంతకారుడు "ఆన్ కోర్న్‌వాలుమ్" అన్నాడు.

ఆ "ఉమ్" ప్రత్యయం దగ్గర కాస్త ఆగాలి. పాత ఇంగ్లీషులో అది బహువచనానికి వచ్చే విభక్తి. అంటే అతను రాసింది "కార్న్‌వాల్‌లో" అని కాదు, "కోర్న్‌వాలాల మధ్య" అని. అప్పటికి అది నేల పేరు కాదు, మనుషుల పేరు. జనం పేరు మెల్లగా వాళ్లున్న నేల మీదికి జారింది. నార్ఫోక్ అంటే ఉత్తరపు జనం, ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు; అవీ ఇలా జారినవే. మనకీ ఇది కొత్త కాదు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులు ఒక జనంగానే కనిపిస్తారు, ఆంధ్రదేశం అన్న మాట తర్వాతిది.

ఇక మొదటి ముక్క సంగతి. అక్కడి జనం సొంత భాష కార్నిష్‌లో ఆ నేల పేరు కెర్నో. దాని మూలంలో ఉన్నది "కోర్న్", అంటే కొమ్ము. దాని తోటి కెల్టిక్ భాషలైన వెల్ష్ (వేల్స్ భాష), బ్రెటన్ (ఫ్రాన్స్ కొసనున్న బ్రిటనీ భాష)లోనూ అదే మాట. లాటిన్‌లో కొమ్ముని "కోర్నూ" అంటారు. ఇంగ్లీషులో మాత్రం అది "హార్న్". ఈ తేడా యాదృచ్ఛికం కాదు. లాటిన్, ఇంగ్లీషు, సంస్కృతం లాంటి భాషలన్నిటికీ మూలమని చెప్పే ఇండో-యూరోపియన్ మూలభాషలో మాట మొదట ఉన్న "క" లాంటి ధ్వని లాటిన్‌లో, కెల్టిక్ భాషల్లో "క"గానే నిలిచింది. ఇంగ్లీషు, జర్మన్ వైపు "హ" అయింది. సంస్కృతంలో "శ" అయింది. నూరుకి లాటిన్‌లో కెంటుమ్, ఇంగ్లీషులో హండ్రెడ్, సంస్కృతంలో శతం ఎలాగో, కొమ్ముకి కోర్నూ, హార్న్, శృంగం అలాగే. మన "కొమ్ము" ద్రావిడ పదం, దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న "శృంగం" మాత్రం కార్న్‌వాల్‌లోని "కార్న్"కి దూరపు చుట్టం. ఇంగ్లీషువాళ్ల నోట ఈ పేరు మొదటి ముక్క "హార్న్" కాకుండా "కార్న్"గా మిగలడమే, అది వాళ్ల మాట కాదని, ఎదుటివాళ్ల నోటి నుంచి ఎత్తుకున్నదని చెప్పే రుజువు.

ఈ ముక్క వయసు కూడా ఎక్కువే. 700వ సంవత్సరం ప్రాంతంలో ఆల్డెల్మ్ అనే సాక్సన్ మతగురువు ఆ దారిన ప్రయాణించి, ఆ ప్రయాణాన్ని లాటిన్ పద్యంగా రాశాడు. అందులో ఆ నేల "కోర్నూబియా". పూల పచ్చిక లేని నేల అని కూడా అన్నాడు. అక్కడ పరాయి అన్న మాట ఇంకా చేరలేదు. వేల్స్‌లో రాసిన లాటిన్ వృత్తాంతం 875వ సంవత్సరం కింద దున్‌గార్త్ అనే కార్న్‌వాల్ రాజు నీళ్లలో మునిగి చనిపోయాడని నమోదు చేసింది. అక్కడ పేరు "కెర్నియు". బోడ్మిన్ బీడుభూముల అంచున, సెయింట్ క్లియర్ ఊరి దగ్గర, దారి పక్కనే ఒక విరిగిన శిలువ రాతి మొండెం నిలబడి ఉంది. దాని మీద చెక్కిన లాటిన్ అక్షరాలు ఇప్పటికీ చదవవచ్చు: "దోనియెర్త్ తన ఆత్మ కోసం కోరాడు". ఈ దోనియెర్త్, ఆ మునిగిపోయిన దున్‌గార్త్ ఒకడే అన్నది చాలామంది పండితుల మాట. ఆ రాజు తన రాజ్యాన్ని కార్న్‌వాల్ అని ఎన్నడూ అనుకుని ఉండడు.

మరి "కొమ్ము" అంటే ఏమిటి? పటం చూడగానే తోచే జవాబు, సముద్రంలోకి కొమ్ములా పొడుచుకొచ్చిన నేల అని. ఎక్కువమంది చెప్పేదీ అదే. రవెన్నా నగరంలో 700 ప్రాంతంలో కూర్చిన లాటిన్ ఊళ్ల జాబితాలో ఈ ప్రాంతంలో ఒక పేరు తప్పుల తడకగా ఉంది. దాన్ని సరిచేసి "దురోకోర్నోవియో" అని చదువుతారు. కోర్నోవీల కోట అని అర్థం. అంటే కోర్నోవీ అనే తెగ అక్కడ ఉండేదన్నమాట. చిక్కు ఎక్కడంటే, ఇదే పేరున్న తెగలు బ్రిటన్‌లో ఇంకో రెండు చోట్ల ఉన్నాయని 2వ శతాబ్దపు పండితుడు టాలెమీ రాసిన భూగోళం చెబుతుంది. ఒకటి స్కాట్లండ్ ఉత్తరపు కొసన. అక్కడా నేల కొమ్ములాగే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. రెండోది ఇంగ్లండ్ నడిమధ్యన, ఇప్పటి ష్రాప్‌షైర్ వైపు, రోక్సెటర్ నగరం చుట్టూ. అక్కడ సముద్రమూ లేదు, కొమ్ములాంటి నేలా లేదు. అందుకే కొందరు పండితులు ఇది నేల ఆకారం కాదు, కొమ్ములున్న దేవుణ్నో జంతువునో కొలిచిన తెగల గుర్తు అని వాదిస్తారు. నైరుతి మూలకి మాత్రం నేల ఆకారం వాదనే బలమైనదిగా తోస్తుంది. ఒకే మాట వేర్వేరు చోట్ల వేర్వేరు కారణాలతో పేరు కావడం అరుదేం కాదు. మనకి కొండ పేరుతో ఉన్న ఊళ్లన్నింటికీ ఒకే కొండ కారణం కాదు గదా.

ఈ పేరు సముద్రం కూడా దాటింది. 5, 6 శతాబ్దాల్లో నైరుతి బ్రిటన్ నుంచి చాలామంది ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్స్ కొసకు వెళ్లి స్థిరపడ్డారు. ఆ ప్రాంతమే బ్రిటనీ. అందులో ఒక భాగాన్ని ఫ్రెంచ్‌లో కోర్నువాయ్ అనీ, బ్రెటన్‌లో కెర్నెవ్ అనీ అంటారు. ఊరు వదిలిన మనిషి మూటలో ఊరి పేరు కూడా పట్టుకుపోతాడన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ముక్క కథ ఇంకా దూరం నుంచి మొదలవుతుంది. పాత ఇంగ్లీషులో "వెయాల్హ్" అంటే పరాయివాడు. బహువచనం "వెయాలాస్". దీని మూలం ఒక కెల్టిక్ తెగ పేరు. జర్మానిక్ జనాలకి దక్షిణాన పొరుగున వోల్కే అనే తెగ ఉండేది. జూలియస్ సీజర్ కూడా వాళ్ల గురించి రాశాడు. పొరుగున తగిలిన మొదటి పరాయివాళ్ల పేరే జర్మానిక్ భాషల్లో పరాయివాళ్లందరికీ పేరైపోయింది, ముఖ్యంగా కెల్టిక్, లాటిన్ మాట్లాడేవాళ్లకి. ఫ్రాంకులనే ఒక్క తెగ పేరు అరబ్బీ, పారసీల మీదుగా మన దాకా వచ్చి, యూరప్ నుంచి ఎవడొచ్చినా "పరంగి" అయినట్టు.

ఆ ఒక్క మాట యూరప్ అంతటా విత్తనాలు చల్లింది. వేల్స్ దేశం పేరు "వెయాలాస్" నుంచే. బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడే వాలూన్లు, రుమేనియాలోని వల్లాకియా ప్రాంతం అదే కుదురు. పోలండ్ వాళ్లు ఇటలీని "వ్వోఖీ" అంటారు, హంగరీ వాళ్లు ఇటలీ మనిషిని "ఓలాస్" అంటారు, రెండూ ఇక్కణ్నుంచే. ఆఖరికి అక్రోటుకి ఇంగ్లీషులో ఉన్న "వాల్‌నట్" అన్న పేరులోని "వాల్" కూడా ఇదే. తమ దగ్గర దొరికే హేజెల్ కాయ కాకుండా బయటి నుంచి వచ్చిన కాయ కాబట్టి అది పరాయి కాయ. మనం సీమచింత, సీమ వంకాయ అన్నప్పుడు ఆ "సీమ" చేసే పనే ఇంగ్లీషులో ఈ "వాల్" చేసింది. చెట్టుకి పెడితే అది ఒట్టి గుర్తు. మనిషికి పెడితే అంత తేలికగా పోదు.

మనిషికి పెట్టినప్పుడు దాని బరువెంతో చట్టాల్లో కనిపిస్తుంది. 7వ శతాబ్దం చివర పశ్చిమ సాక్సన్ల రాజ్యమైన వెస్సెక్స్‌ని ఏలిన ఈనే రాజు శాసనాలు నిలిచి ఉన్నాయి. ఎవరినైనా చంపితే కట్టాల్సిన పరిహారం అందులో మనిషిని బట్టి మారుతుంది. మామూలు ఇంగ్లీషు రైతు ప్రాణానికి 200 షిల్లింగులు. పన్ను కట్టే వెయాల్హ్ ప్రాణానికి 120. అయిదు కుటుంబాలు బతకగలిగేంత పొలం ఉన్న వెయాల్హ్ అయితే 600; ఇంగ్లీషువాళ్లలో పై తరగతి మనిషి ప్రాణానికి 1200. ఒకే రాజు, ఒకే నేల, నాలుకని బట్టి ప్రాణానికి ధర. పోనుపోను పాత ఇంగ్లీషులో "వెయాల్హ్"కి బానిస అన్న అర్థం కూడా వచ్చింది.

అది మాటకి పట్టిన అర్థం మాత్రమే కాదు. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మఠంలో ఒక సువార్తల చేతిరాత ప్రతి ఉండేది, ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 10, 11 శతాబ్దాల్లో అక్కడ బానిసలకి విముక్తి ఇచ్చినప్పుడల్లా ఆ సంగతిని, సాక్షుల పేర్లతో సహా, ఆ పవిత్ర గ్రంథం ఖాళీ జాగాల్లో రాసిపెట్టారు. విడుదలైనవాళ్ల పేర్లు ఎక్కువగా కార్నిష్ పేర్లు. విడిచిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు పేర్లు. ఆ కొన్ని పుటల కంటే బాగా "వెయాల్హ్" అన్న మాటని వివరించే నిఘంటువు లేదు.

ఈ రెండు ముక్కలూ ఎందుకు అతుక్కోవాల్సి వచ్చింది? ఒట్టి "వెయాలాస్" అంటే సరిపోయేది కాదా? మొదట సరిపోయింది. సాక్సన్లకి పశ్చిమాన ఉన్న బ్రిటన్లంతా, అంటే వాళ్ల కంటే ముందు నుంచీ ఆ దీవిలో ఉన్న జనమంతా, వెయాలాసే. క్రానికల్ ప్రకారం 577లో డైరమ్ దగ్గర జరిగిన యుద్ధంలో వెస్సెక్స్ సేనలు గెలిచి గ్లౌస్టర్, సిరెన్‌సెస్టర్, బాత్ పట్టణాలు పట్టుకున్నాయి. దాంతో సాక్సన్ల నేల సెవర్న్ నది దాకా సాగింది. బ్రిటన్లు రెండుగా చీలారు: సెవర్న్‌కి అవతల ఒక గుంపు, నైరుతి మూలన ఇంకో గుంపు. రెండు గుంపులూ పరాయివాళ్లే అయినప్పుడు వాళ్లని విడివిడిగా చెప్పడానికి గుర్తు కావాలి. తొలుత దిక్కుతో చెప్పారు. 9వ శతాబ్దంలో ఎగ్బర్ట్ రాజు దండెత్తి "పశ్చిమ వెయాలాస్" నేలని తూర్పు నుంచి పడమర దాకా కొల్లగొట్టాడని క్రానికల్ రాసింది. 838లో వాళ్లు డెన్మార్క్ వైపు నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన డేన్లతో చేతులు కలిపి హింగ్‌స్టన్ డౌన్ గుట్ట దగ్గర ఎగ్బర్ట్‌ని ఎదిరించి ఓడారు. అప్పటికీ వాళ్లు పశ్చిమ వెయాలాసే. శతాబ్దం చివరికి వచ్చేసరికి దిక్కు పోయి, ఆ జనం తమ నేలకి పెట్టుకున్న పేరే గుర్తుగా ముందుకొచ్చింది. పోల్చుకోవడానికి వాళ్ల మాట, పిలవడానికి వీళ్ల మాట.

10వ శతాబ్దం మొదటి సగంలో ఏథెల్‌స్టన్ రాజు ఎక్సెటర్‌లో ఇంగ్లీషువాళ్లతో సమానంగా ఉంటున్న బ్రిటన్లని వెళ్లగొట్టి, టేమర్ నదిని హద్దుగా నిలిపాడని రెండు వందల ఏళ్ల తర్వాత మామ్స్‌బరీ విలియం రాశాడు. ఆ హద్దు ఇవాల్టికీ దాదాపు అదే. నదికి తూర్పున ఉన్న డెవన్ పేరు డుమ్నోనీ అనే పాత బ్రిటన్ తెగ నుంచి వచ్చింది. అక్కడ సాక్సన్లు నిండుగా స్థిరపడి, ఆ పేరుని తమదే చేసుకుని, వెనక "షైర్" కూడా చేర్చుకున్నారు. కార్న్‌వాల్‌కి "షైర్" అన్న తోక స్థిరపడలేదు. రాజుగారి అధికారి పంచి ఇచ్చిన పాలన విభాగం కాదు, అంతకుముందే విడిగా ఉన్న నేల అని ఆ లోపమే చెబుతుంది.

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న కంబర్లండ్ కౌంటీ పేరుని దీని పక్కన పెట్టి చూడాలి. అక్కడివాళ్లూ బ్రిటన్లే. వాళ్లు తమని తాము "కుమ్రి" అనుకునేవాళ్లు, అంటే ఒకే నేలవాళ్లు, తోటివాళ్లు. వేల్స్ జనం ఇప్పటికీ తమ భాషలో తమని అలాగే పిలుచుకుంటారు. క్రానికల్ 945లో ఆ ఉత్తర నేలని "కుంబ్రలాండ్" అంది. అంటే అక్కడ ఇంగ్లీషువాళ్లు ఆ జనం సొంత పేరునే తీసుకున్నారు. ఒకే జాతి జనం, ఉత్తరాన "తోటివాళ్లు"గానూ నైరుతిన "పరాయివాళ్లు"గానూ కౌంటీ పేర్లలో మిగిలారు. తేడా జనంలో లేదు, పిలిచినవాడి నోట్లో ఉంది.

తర్వాతి కాలం జనానికి ఈ అతుకు అర్థం కాలేదు, అందుకని కథలు అల్లారు. 1136 ప్రాంతంలో మన్మత్ జెఫ్రీ రాసిన కథ అన్నిటికంటే ప్రసిద్ధం. ట్రాయ్ నుంచి వచ్చిన కొరీనియస్ అనే వీరుడు ఈ నేలని ఏరి కోరి తీసుకున్నాడట, ఎందుకంటే రాక్షసులు ఇక్కడే ఎక్కువ, వాళ్లతో కుస్తీ పట్టడం అతనికి ఇష్టం. గోగ్మగోగ్ అనే రాక్షసుణ్ని ఎత్తి సముద్రంలోకి విసిరేశాడట. ఆ వీరుడి పేరు మీదే దేశం పేరట. ఇది చరిత్ర కాదు. కానీ కార్న్‌వాల్ వాళ్ల కుస్తీ పోటీలకి ఎంత పాత పేరుందో ఈ కథ చెబుతుంది.

కౌంటీ పేరు బయటివాళ్లు పెట్టినా, లోపలి ఊళ్ల పేర్లు మాత్రం చాలావరకు ఊరివాళ్లవే. టేమర్ దాటి పడమరకి వెళ్తున్న కొద్దీ "ట్రె"తో మొదలయ్యే ఊళ్లు వందల కొద్దీ వస్తాయి. ట్రె అంటే పల్లె, కమతం. "పెన్" అంటే తల, మొన. "పోల్" అంటే మడుగు. పెన్‌జాన్స్ అంటే పవిత్రమైన మొన. నది ఇవతల డెవన్‌లో "ట్రె" పేర్లు చాలా అరుదు. పరిహారం లెక్కలు, యుద్ధాలు, హద్దులు అన్నీ పక్కన పెట్టి ఒట్టి ఊళ్ల పేర్లు పటం మీద గుర్తు పెట్టినా, ఏ భాష ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

ఆ పేర్లు ఇంగ్లీషు చెవిన పడ్డప్పుడు ఏమయ్యాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెడ్‌రూత్ అనే గనుల పట్టణం ఉంది. "రెడ్" అంటే ఎరుపు అని ఎవరైనా అనుకుంటారు. ఎరుపు ఉన్నమాట నిజమే, కానీ ఆ ముక్కలో కాదు. కార్నిష్‌లో ముందున్న "రెడ్" అంటే ఏరు దాటే రేవు. వెనకున్న "రూత్" అంటే ఎరుపు. ఎర్ర రేవు. తగరం, రాగి కడిగిన నీళ్లు ఎర్రగా పారే నేల అది. పెన్‌జాన్స్ పట్టణంలో పెద్ద బజారు పేరు మార్కెట్ జ్యూ వీధి. పేరు పట్టుకుని యూదు వర్తకుల కథలు పుట్టాయి. అసలు మాట "మార్హస్ యో": గురువారం సంత. ఆ వీధి మారజియన్ అనే పక్క ఊరి వైపు వెళ్తుంది, సంత అక్కడిది. మారజియన్ అన్న పేరుకే చిన్న సంత అని అర్థం. కౌంటీలో అన్నిటికంటే ఎత్తయిన కొండ 420 మీటర్లు. ఇంగ్లీషులో దాని పేరు బ్రౌన్ విల్లీ, ఎవరో మనిషి పేరులా వినబడుతుంది. కార్నిష్‌లో అది బ్రోన్ వెన్నిలి, వానకోవెలల కొండ అని చెబుతారు. విశాఖపట్నం తెల్లవాళ్ల కాగితాల్లో విజగపటం అయినా మనకి దాని అసలు పేరు పోలేదు, ఎందుకంటే ఆ పేరు పలికే నోళ్లు పోలేదు. కార్న్‌వాల్‌లో నోళ్లే పోయాయి. అందుకే సంత యూదులదైంది, కొండ మనిషైంది.

నోళ్లు ఎలా పోయాయన్నది విడిగా చెప్పుకోవాల్సిన కథ, ఇక్కడ పేరుకి సంబంధించినంత వరకే. 1549లో ప్రభుత్వం చర్చిల్లో లాటిన్ ప్రార్థనలు తీసేసి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం పెట్టింది. కార్న్‌వాల్, డెవన్ తిరగబడ్డాయి. తిరుగుబాటుదారుల కోర్కెల పత్రంలో, మాలో కొందరికి ఇంగ్లీషే రాదు, ఈ కొత్త ఇంగ్లీషు మాకు వద్దు అని కార్న్‌వాల్ మనుషులు రాశారు. తిరుగుబాటుని అణిచేశారు, వేలమంది చనిపోయారు. ఆ ప్రార్థన పుస్తకం అప్పట్లో కార్నిష్‌లో అచ్చు కాలేదు. బైబిల్ తమ భాషలో అచ్చయిన వెల్ష్ నిలిచింది, కార్నిష్ పడమరకి వెనక్కి జరుగుతూ పోయింది. 1602లో రిచర్డ్ కరూ తన కౌంటీ గురించి రాస్తూ, దారి అడిగిన కొత్తవాళ్లకి కొందరు ఇచ్చే జవాబుని విన్నది విన్నట్టు రాసిపెట్టాడు: "మీయా నావిద్న కౌజా సాజ్నెక్". నేను సాక్సన్ భాష మాట్లాడను అని. వెయ్యేళ్లు గడిచినా వాళ్ల నోట ఇంగ్లీషు అంటే సాక్సన్ల భాషే. ఇటునుంచి చూస్తే పరాయివాడు ఆ సాక్సనే. 1777లో మౌజల్ ఊరిలో చేపలమ్ముకునే డాలీ పెంట్రీత్ చనిపోయింది. పుట్టుకతో ఆ భాష నేర్చిన చివరి మనిషిగా ఆమెకే పేరుంది. 1860లో పాల్ గ్రామం చర్చి ఆవరణ గోడకి ఆమె స్మారకం కట్టారు.

ఆ కార్న్‌వాల్ మనుషులు తెలుగువాళ్లకి మరీ అంత దూరంవాళ్లేం కాదు. తగరం, రాగి ధరలు పడిపోయి 19వ శతాబ్దంలో అక్కడి గనులు మూతపడుతుంటే, గని పని తెలిసినవాళ్లు ప్రపంచమంతా చెదిరిపోయారు. 1880 తర్వాత కోలార్ బంగారు గనులని లండన్‌కి చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపినప్పుడు, భూమి లోతుల్లో పని చేయించడానికి వచ్చినవాళ్లలో చాలామంది కార్న్‌వాల్ వాళ్లే. తమిళులతో పాటు చిత్తూరు వైపు తెలుగువాళ్లూ ఆ సొరంగాల్లో పని చేశారు. మన కళ్లకి వాళ్లంతా ఇంగ్లీషు దొరలే. ఆ దొరల ఊళ్లలో తాతముత్తాతల పేర్లు వేరే భాషవని, ఆ భాష చచ్చిపోయిందని, వాళ్ల జిల్లా పేరులోనే "పరాయి" అన్న మాట ఉందని ఆ చీకట్లో ఎవరు చెబుతారు, ఎవరు వింటారు?

ఆ దొరల దేశమే మనకీ ఇలాంటి పేరు పెట్టింది. పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లని "జెంతియో" అన్నారు. మద్రాసు ఇంగ్లీషువాళ్ల నోట అది "జెంటూ" అయి, ప్రత్యేకంగా తెలుగువాళ్లకి, తెలుగు భాషకి పేరైంది. 18వ శతాబ్దపు కంపెనీ కాగితాల్లో తెలుగు చాలాచోట్ల జెంటూ భాషే. తమిళులకి మనం వడుగులం, ఉత్తరాదివాళ్లం. అందులో తిట్టేమీ లేదు, ఒట్టి దిక్కు. ఎక్కడో పోర్చుగల్‌లో పుట్టిన మత భేదపు మాట ఒక భాషకి పేరవడం మాత్రం, వోల్కే తెగ పేరు కార్న్‌వాల్ చేరినంత వింతగానే ఉంటుంది. తేడా ఒక్కటే. జెంటూ అన్న పేరు కాగితాల్లోనే మిగిలిపోయింది, ఎందుకంటే తెలుగువాళ్లు తమని తెలుగువాళ్లమనే చెప్పుకుంటూ వచ్చారు, చెప్పుకునే భాష బతికి ఉంది.

కార్న్‌వాల్‌లో ఆ చెప్పుకోవడం ఇప్పుడు మళ్లీ మొదలైంది. 1904లో హెన్రీ జెన్నర్ కార్నిష్ వ్యాకరణం అచ్చువేయడంతో భాషని తిరిగి నేర్చుకోవడం ఊపందుకుంది. 2010లో యునెస్కో ఆ భాషని అంతరించినవాటి జాబితాలోంచి తీసి తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. 2014 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం కార్నిష్ జనాన్ని జాతీయ మైనారిటీగా గుర్తించింది. ధారాళంగా మాట్లాడేవాళ్లు ఇప్పటికీ కొన్ని వందలే. అయినా తూర్పు నుంచి టేమర్ దాటగానే రోడ్డు పక్క బోర్డు మీద రెండు భాషలు కనిపిస్తాయి. ఇంగ్లీషులో కార్న్‌వాల్‌కి స్వాగతం అని ఉంటుంది. కార్నిష్‌లో "కెర్నో అగస్ దినెర్" అని, అంటే "కెర్నో మిమ్మల్ని ఆహ్వానిస్తోంది" అని ఉంటుంది. రెండో వాక్యంలో కొమ్ము ఒక్కటే ఉంది, పరాయి లేదు.

వెల్ష్‌లో ఈ నేల పేరు ఎప్పుడూ కెర్నియు. ఛానల్ అవతల, పదిహేను వందల ఏళ్ల కిందట ఇక్కణ్నుంచే వెళ్లినవాళ్ల వారసులు బ్రెటన్‌లో దీన్ని "కెర్నెవ్-వేర్" అంటారు, పెద్ద కెర్నెవ్ అని. చిన్నది తాము కట్టుకున్నది, పెద్దది తాము వదిలి వచ్చినది.